జిమ్‌లో గెంతలేక మానేశాను... హిట్ వర్కవుట్ నాలాంటివాళ్లకు కాదా?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమె వయసు 41. బ్యాంకు ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే. ఇద్దరు పిల్లలు, రెండూ నార్మల్ డెలివరీలే. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 74 కిలోలు. ఏడాదిగా బీపీకి మాత్ర వేసుకుంటున్నారు. ఈమధ్య రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ లెక్క) 6.2 వచ్చింది. వాళ్ల నాన్నగారికి 52 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. ఆ వయసు తనకూ దగ్గర పడుతోందని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదట.

ఆఫీసులో ఒక స్నేహితురాలు చెబితే ఆర్నెల్లకు 18 వేలు కట్టి జిమ్‌లో హెచ్‌ఐఐటీ (విడతలు విడతలుగా జోరుగా చేసే ‘హిట్’ వ్యాయామం) బ్యాచ్‌లో చేరారు. పొద్దున్నే ఆరింటికి, వారానికి ఆరు రోజులు, 45 నిమిషాలు. 20 సెకన్లు జంపింగ్ జాక్స్, 10 సెకన్లు ఆగడం, మళ్లీ బర్పీలు (వంగి చేతులు నేలకు ఆనించి, కాళ్లు వెనక్కి విసిరి, లేచి గెంతడం), మళ్లీ స్క్వాట్ జంప్‌లు (గుంజీలా కూర్చుని పైకి గెంతడం). మొదటి రోజే కళ్లు తిరిగాయి, మూడో రోజు వాంతి అయింది. చేతి వాచీలో గుండె వేగం 178 చూపిస్తోంటే భయం వేసింది. ‘ఆగొద్దు మేడమ్, ఆగితే కొవ్వు కరగదు’ అన్నాడట కోచ్. రెండో వారానికే మానేశారు. ఇంట్లో మోకాళ్ల నొప్పులని చెప్పారు. ‘నీకెందుకీ కొత్త సరదాలు, డబ్బు దండగ’ అని భర్త రోజూ ఏదో ఒకటి అంటున్నారు.

ఉత్తరం చివర, సంతకం చేయాల్సిన చోట, ఇంకో మాట రాశారు. గెంతినప్పుడల్లా యూరిన్ పడిపోతోందని, నల్ల లెగ్గిన్ కాబట్టి ఎవరికీ తెలియలేదని, జిమ్‌కు వెళ్లే రోజుల్లో ముందు రాత్రి నుంచి నీళ్లు తాగడం మానేసేదాన్నని. మళ్లీ ఆ బ్యాచ్‌కు వెళ్లాలా, అసలు ఈ వ్యాయామం తనలాంటివాళ్లకేనా, ఇంట్లో ఏం చెప్పాలి అని అడిగారు.

•••

మీరు చివర రాసిన మాటతోనే మొదలుపెడతాను. మీరు జిమ్ మానేయడానికి అసలు కారణం అదేనని నాకనిపించింది.

కటి భాగం అడుగున ఊయలలా పరుచుకుని కొన్ని కండరాలుంటాయి. డాక్టర్లు పెల్విక్ ఫ్లోర్ అంటారు. మూత్రాశయాన్ని, గర్భసంచిని కింది నుంచి మోసేవి అవే. కాన్పుల్లో అవి సాగుతాయి, బలం తగ్గుతుంది. ఆ తర్వాత దగ్గినా, తుమ్మినా, బరువు ఎత్తినా, గెంతినా పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి నాలుగు చుక్కలు జారిపోతాయి. పిల్లల్ని కన్న ఆడవాళ్లలో ఇది చాలా మామూలు. మీ బ్యాచ్‌లో గెంతుతున్నవాళ్లలో ఇంకొందరికి కూడా ఉండే ఉంటుంది. వాళ్లూ మీలాగే ఎవరికీ చెప్పుకోలేక ఏ నలుపు రంగు బట్టలో వేసుకుని నెట్టుకొస్తుంటారు. ఇందులో మీ తప్పేం లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు. పైగా ఇది చాలామందికి కసరత్తుతోనే బాగా తగ్గుతుంది. మన ఆడవాళ్లు దీన్ని ఏళ్ల తరబడి దాచుకుని, వ్యాయామం, దూరప్రయాణాలు, చివరికి పెళ్లిళ్లకు వెళ్లడం కూడా మానేసుకుంటారు. నాకు అన్నింటికంటే బాధ కలిగించేది అదే.

గ్యాస్ బయటకు పోకుండా ఆపుకోవాలంటే ఏ కండరాలు బిగిస్తామో గమనించండి. ఆ బిగువునే లోపలికి, పైకి లాగినట్టు పట్టి ఐదు సెకన్లు ఉంచాలి, మళ్లీ ఐదు సెకన్లు పూర్తిగా వదలాలి. పిరుదులు, తొడలు, పొట్ట బిగించకూడదు. ఊపిరి ఆపకూడదు. ఒక్కో విడతకు ఎనిమిది సార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. కౌంటర్లో కూర్చునే చేసుకోవచ్చు, పక్కవాళ్లకు కూడా తెలియదు. యూరిన్‌కు వెళ్తూ మధ్యలో ఆపి సాధన చేయమని కొందరు చెబుతారు, అది అలవాటు చేసుకోకండి. నీళ్లు తాగడం మానేయడం మాత్రం ఈ రోజు నుంచే ఆపేయండి. నీళ్లు తగ్గితే యూరిన్ చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా చిరాకు పెడుతుంది. బీపీ మాత్ర వేసుకుని, ముందు రాత్రి నుంచి నీళ్లు లేకుండా, విశాఖ ఉక్కపోతలో గెంతితే కళ్లు తిరగక ఏమవుతాయి?

కళ్లు తిరగడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. కాళ్ల కండరాలు జోరుగా పని చేస్తున్నప్పుడు అక్కడికి రక్తం ఎక్కువగా వెళ్తుంది. కాళ్లు కదులుతున్నంతసేపూ ఆ కండరాలే రక్తాన్ని పైకి నెడుతుంటాయి. ఉన్నట్టుండి నిలబడిపోతే రక్తం కిందే ఉండిపోయి తలకు చాలదు. అందుకే జోరుగా చేశాక అమాంతం ఆగకూడదు, ఐదు నిమిషాలైనా మెల్లగా నడవాలి. వాంతి సంగతి కూడా దాదాపు ఇలాంటిదే. శక్తికి మించి చేస్తే పొట్టకు వెళ్లాల్సిన రక్తం తగ్గిపోయి కడుపులో తిప్పేస్తుంది.

అయితే ఇవన్నీ కేవలం అలవాటు లేకపోవడం వల్లేనని ఇక్కడ కూర్చుని నేను తేల్చేయలేను. మీ నాన్నగారి విషయం చిన్నది కాదు. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు గుండెజబ్బు వస్తే, పిల్లల విషయంలో దాన్ని ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకుంటారు. దానికి తోడు మీకు బీపీ ఉంది. 6.2 అంటే షుగర్ ఇంకా రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చింది, 6.5 నుంచి దాన్ని షుగర్ అంటారు. వీటన్నిటికీ తోడు ఏళ్ల తరబడి వ్యాయామం లేదు. ఇన్ని ఉన్నప్పుడు జోరుగా చేసే ఏ వ్యాయామానికైనా ముందు డాక్టర్‌కు చూపించుకోవాలి. ఈసీజీ తీస్తారు, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే గుండె పరీక్ష), ఎకో (గుండె స్కానింగ్) కావాలా అన్నది ఆయన చూసుకుంటారు. అప్పటిదాకా మామూలు నడక ఒక్కటే చేయండి. మిమ్మల్ని చేర్చుకునేటప్పుడు జిమ్‌లో ఎవరూ ఈ ప్రశ్నలు అడగలేదని రాశారు. డబ్బు తీసుకునే ముందు అడగాల్సిన ప్రశ్నలవి. అడగకపోవడం వాళ్ల లోపం, మీది కాదు.

ఇక 178 సంగతి. మీ వయసుకు గుండె గరిష్ఠ వేగం ఉజ్జాయింపుగా 220లోంచి 41 తీసేస్తే 179. మనిషి మనిషికీ పది పన్నెండు అటూఇటూ ఉంటుంది, చేతులు ఊపుతున్నప్పుడు వాచీలు తప్పు కూడా చూపిస్తాయి. అయినా వ్యాయామమే ఎరగని మనిషిని మొదటి వారంలోనే తన పూర్తి శక్తి అంచుకు తీసుకెళ్లి, అక్కడే ముప్పావుగంట ఉండమన్నారని దాన్నిబట్టి తెలుస్తోంది. అన్నట్టు, మీ బీపీ మాత్ర పేరు రాయలేదు. అది మెటోప్రొలాల్, అటెనలాల్ లాంటి బీటా బ్లాకర్ అయితే గుండె వేగాన్ని అదే అణచి ఉంచుతుంది. అప్పుడు వాచీ అంకెను నమ్ముకోకూడదు. డాక్టర్‌ను అడగండి.

మీ రెండో ప్రశ్నకు వస్తున్నాను. హెచ్‌ఐఐటీ, అందరూ పిలిచే ‘హిట్’, మీలాంటివాళ్లకేనా? తప్పకుండా. కానీ మీరు చూసింది హిట్‌లో ఒక రకం మాత్రమే, అదీ కొత్తవాళ్లకు ఏమాత్రం పనికిరాని రకం.

కాసేపు ఊపిరి ఎగదన్నేలా శ్రమ పడాలి, కాసేపు తేరుకోవాలి, మళ్లీ శ్రమ పడాలి. హిట్ అంటే ఇంతే. గెంతాలని ఎక్కడా లేదు. పరుగు పందేల వాళ్లు దీన్ని ఎప్పటి నుంచో చేస్తున్నారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5 వేల మీటర్లు, 10 వేల మీటర్లు, మారథాన్ మూడూ గెలిచిన చెకోస్లొవేకియా రన్నర్ ఎమిల్ జాటోపెక్ సాధన అంతా ఇలా విడతలు విడతలుగానే సాగేది.

మీ కోచ్ చేయించిన 20 సెకన్లు, 10 సెకన్ల లెక్క జపాన్ నుంచి వచ్చింది. అక్కడి స్పీడ్ స్కేటింగ్ జట్టు చేస్తున్న సాధనను ఇజుమి తబాటా అనే శాస్త్రవేత్త పరీక్షించి 1996లో ఫలితాలు ప్రచురించారు. అందుకే దాన్ని తబాటా అంటారు. ఆ పరీక్షలో పాల్గొన్నది వ్యాయామ విద్య చదువుతున్న కుర్రాళ్లు. గెంతలేదు, సైకిల్ తొక్కారు. పది నిమిషాల వార్మప్ తర్వాత ఏడెనిమిది విడతలు. అంటే అసలు పని నాలుగు నిమిషాలే. అప్పటికే వాళ్లకు కాళ్లు ఆడేవి కావు. అదే తీవ్రతతో 45 నిమిషాలు చేయడం ఎవరి తరమూ కాదు. కాబట్టి మీ బ్యాచ్‌లో మిగతావాళ్లు అంతసేపు చేయగలుగుతున్నారంటే వాళ్లకు అది అంత తీవ్రంగా లేదని అర్థం. మీకు మాత్రం ఉంది. వాళ్లతో పోల్చుకుని మీరు వెనకబడ్డారని అనుకున్నారు. నిజానికి ఆ గదిలో గుండెకు అందరికంటే ఎక్కువ పని చెప్పినవాళ్లలో మీరొకరు.

‘ఆగితే కొవ్వు కరగదు’ అన్న మాట పూర్తిగా తప్పు. ఆగడం ఇందులో సగం వ్యాయామం. ఆ విరామంలో తేరుకుంటేనే తర్వాతి విడతలో మళ్లీ గట్టిగా చేయగలం. వ్యాయామం అయ్యాక కూడా రోజంతా కొవ్వు కరుగుతూనే ఉంటుందని కూడా చెబుతుంటారు. కొంత నిజమే, కానీ ఆ ఖర్చయ్యే శక్తి చాలా కొద్ది. బరువు తగ్గడం విషయంలో హిట్‌కూ, అదే పనిగా చేసే మామూలు నడకకూ పెద్ద తేడా లేదని చాలా అధ్యయనాల్లో తేలింది. హిట్ లాభమల్లా తక్కువ సమయంలో గుండె, ఊపిరితిత్తుల సత్తువ పెరగడం. పొద్దున పిల్లల బాక్సులకూ ఆఫీసు బస్సుకూ మధ్య మీకు దొరికేది అరగంటే కాబట్టి మీకది విలువైనదే.

వయసు మీద పడినవాళ్లు, జబ్బు ఉన్నవాళ్లు కూడా దీన్ని చేశారు. నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో గుండె బలహీనపడిన రోగుల చేత, సగటు వయసు 75 ఏళ్లు, వైద్యుల పర్యవేక్షణలో నాలుగేసి నిమిషాల విడతలు చేయించి 2007లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లు చేసింది ట్రెడ్‌మిల్‌ను ఎత్తు పెట్టి దాని మీద నడవడం. గుండె పనితీరు మెరుగుపడింది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గిబాలా బృందం షుగర్ ఉన్నవాళ్ల చేత ఒక నిమిషం గట్టిగా, ఒక నిమిషం మెల్లగా, అలా పది సార్లు సైకిల్ తొక్కించింది. రెండు వారాల్లో రోజంతటి సగటు షుగర్ తగ్గింది. అందులో పాల్గొన్నది ఎనిమిది మందే కాబట్టి దాన్నే పట్టుకుని ఊరేగనక్కర్లేదు. కానీ మీ 6.2కు ఇది ఆశ పెట్టుకోదగ్గ దారే.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఇవన్నీ డాక్టర్ సరే అన్నాకే.

అదే బ్యాచ్‌కు మళ్లీ వెళ్లడం ఒకటి. వెళ్తే కోచ్‌తో ముందే మాట్లాడాలి. ‘జంపింగ్ వద్దన్నారు డాక్టర్’ అంటే చాలు, కారణం చెప్పాల్సిన పని లేదు. జంపింగ్ జాక్స్ బదులు పక్కకు అడుగు వేసి చేతులెత్తడం, బర్పీ బదులు బల్ల మీద చేతులు ఆనించి ఒక్కో కాలూ వెనక్కి వేయడం, స్క్వాట్ జంప్ బదులు కుర్చీలో కూర్చుని లేవడం చేయొచ్చు. వారానికి ఆరు రోజులు కాదు, రెండే. ఇందులో లాభం తోడు ఉండటం, కట్టిన డబ్బు వృథా కాకపోవడం. కష్టం ఏమిటంటే ఆ పాటల జోరులో, పదిమంది గెంతుతుంటే, మనకు మనం కళ్లెం వేసుకోవడం చాలా కష్టం. అందులోనూ వద్దన్నా వినకుండా ‘ఇంకొంచెం’ అనే కోచ్ ఉన్నచోట. మీ మాట అతను మన్నిస్తాడో లేదో మొదటి రోజే తెలిసిపోతుంది. మన్నించకపోతే ఇంకో రోజు వెళ్లొద్దు.

అదే జిమ్‌లో బ్యాచ్ మానేసి, మిగిలిన ఫీజుకు మామూలు సభ్యత్వం అడగడం రెండోది. ఇస్తారో లేదో గానీ అడగడంలో తప్పు లేదు. అప్పుడు మీకు కదలకుండా నిలబడి ఉండే సైకిల్ దొరుకుతుంది. సీటు మీద కూర్చుంటాం కాబట్టి మోకాళ్లకు కుదుపు ఉండదు, యూరిన్ పడే భయం కూడా చాలావరకు ఉండదు. మీకు బాగా కుదిరేది ఇదేనని నా అభిప్రాయం. పెడల్ కింద ఉన్నప్పుడు మోకాలు కాస్త వంగి ఉండేలా సీటు ఎత్తు పెట్టించుకోండి. ఐదు నిమిషాలు తేలిగ్గా తొక్కండి, పక్కవాళ్లతో కబుర్లు చెప్పగలిగేంత. తర్వాత పెడల్ బిగువు కాస్త పెంచి 30 సెకన్లు జోరుగా. ఎంత జోరుగా అంటే, ఆ సమయంలో ఎవరైనా పలకరిస్తే మీ పేరు, ఊరు చెప్పగలగాలి, ఇంటి సంగతులు చెప్పలేకపోవాలి. ఒక్క మాట కూడా రాకపోతే ఎక్కువైనట్టు. తర్వాత 90 సెకన్లు మెల్లగా, కాళ్లు ఆపకుండా. ఇలా ఆరు సార్లు, ఆపైన ఐదు నిమిషాలు తేలిగ్గా తొక్కి దిగండి. మొత్తం 22 నిమిషాలు. మొదటి రెండు విడతలు ‘ఇంతేనా’ అనిపిస్తాయి. ఐదో దానికి అర్థమవుతుంది. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు ఎడం. నెల తర్వాత జోరు 45 సెకన్లు చేసి, ఇంకో నెలకు నిమిషం చేసుకోవచ్చు. ఇందులో ఇబ్బంది ఒంటరితనం. గోడ కేసి చూస్తూ తొక్కడం కొందరికి విసుగు పుట్టిస్తుంది.

మూడోది పైసా ఖర్చు లేనిది. జపాన్‌లోని షిన్షు విశ్వవిద్యాలయంలో హిరోషి నోసే అనే ప్రొఫెసర్ బృందం నడివయసువాళ్ల చేత, పెద్దవాళ్ల చేత ఐదు నెలలు చేయించిన నడక. మూడు నిమిషాలు వేగంగా, మూడు నిమిషాలు మెల్లగా, ఇలా ఐదు సార్లు. మొత్తం అరగంట, వారానికి నాలుగు రోజులు. ఒకే వేగంతో నడిచినవాళ్ల కంటే వీళ్లకు కాళ్ల బలం, దమ్ము ఎక్కువ పెరిగాయి, బీపీ కూడా ఎక్కువ తగ్గింది. మీకు బీచ్ రోడ్డు అందుబాటులో ఉంటే ఇంకేం కావాలి? వేగంగా నడవడమంటే బస్సు కదిలిపోతుంటే అందుకోవడానికి నడిచినట్టు, పరుగు కాదు. వేసవిలో తెల్లవారకముందే ముగించండి. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, అదే నడకకు గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. అలాంటి రోజు వేగం తగ్గించుకోవడం తెలివైన పని. ఈ దారిలో చిక్కు వానాకాలం, వీధికుక్కలు, ‘ఇవాళ వద్దులే’ అనే బద్ధకం. డబ్బు కట్టలేదు కాబట్టి మానేయడం కూడా తేలికే.

నాలుగోది, మూడు నెలలు ఈ జోరు సంగతే వదిలేసి రోజూ అరగంట మామూలు నడక, వారానికి రెండు రోజులు ఇంట్లోనే కండరాల బలానికి వ్యాయామాలు చేయడం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడకు చేతులు ఆనించి పుషప్, మెట్లు ఎక్కడం లాంటివి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం లేదా 75 నుంచి 150 నిమిషాల జోరైన వ్యాయామం. అంటే ఈ మెల్లని దారి కూడా పూర్తి దారే. సమయం రెట్టింపు పడుతుంది, అంతే. భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు నడిచినా తిన్న తర్వాత పెరిగే షుగర్ తగ్గుతుంది. మీ మనసులో జిమ్ అంటే ఇంకా భయం ఉంటే దీంతోనే మొదలుపెట్టండి, మిగతా మూడూ ఎక్కడికీ పోవు.

ఏది ఎంచుకున్నా ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో వీపుకో పాకే నొప్పి, చల్లచెమటలు, స్పృహ తప్పుతున్నట్టు ఉంటే అక్కడికక్కడ ఆపేసి ఆసుపత్రికి వెళ్లండి. ఆడవాళ్లలో గుండెపోటు ఒక్కోసారి వికారం, విపరీతమైన నీరసంగా కూడా వస్తుంది కాబట్టి గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. ఒళ్లు నొప్పులు రెండు మూడు రోజులు మామూలే. నొప్పులు భరించలేనంతగా ఉండి యూరిన్ టీ డికాక్షన్ రంగులో వస్తే అది కండరాలు దెబ్బతిన్న గుర్తు, ఆలస్యం చేయకూడదు.

ఇంట్లో ఏం చెప్పాలన్నది మీ ఇష్టం. అంతా చెప్పొచ్చు. చెబితే మీ మనసు తేలికపడుతుంది, రోజూ దెప్పడం ఆగవచ్చు. ఆయన నవ్వేసి తీసిపారేసే మనిషైతే మాత్రం గాయం పెద్దదవుతుంది. ఆయన ఎలాంటివారో మీకు తెలుసు, నాకు తెలియదు. సగం చెప్పడం కూడా అబద్ధమేమీ కాదు. ‘నాన్న సంగతి తలుచుకుంటే భయంగా ఉంది, ఆ బ్యాచ్ నాకు ఎక్కువైంది, డాక్టర్‌కు చూపించుకుని తేలికైనదాంతో మొదలుపెడతాను’ అనండి. డబ్బు గురించి మాట్లాడుతున్న ఆయనకు మీ భయం గురించి బహుశా తెలియకపోవచ్చు. మోకాళ్ల నొప్పుల మాట మాత్రం ఇక కొనసాగించకండి. రేపు ఎవరో తైలం తెస్తారు, ఎల్లుండి ఎవరో ఎక్స్‌రే తీయిస్తారు, అసలు సమస్య అలాగే ఉండిపోతుంది. ఆఫీసు స్నేహితురాలికి ‘టైమింగ్ కుదరలేదు’ అంటే చాలు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, అక్కడ కూర్చున్నాక నోరు పెగలదు. నాన్నగారికి గుండెపోటు వచ్చిన వయసు, మీ బీపీ మాత్ర పేరు, కళ్లు తిరిగిన రోజు ఏం తిన్నారు, ఏం తాగారు, ఇవన్నీ ఫిజీషియన్‌కు. యూరిన్ సంగతి గైనకాలజిస్టుకు. ఎప్పటి నుంచి, ఏం చేస్తే పడుతోంది, మంటగానీ రక్తంగానీ ఉన్నాయా అన్నవి రాయండి. చెప్పడానికి మొహమాటమైతే ఆ కాగితమే చేతికిచ్చేయండి. కండరాలు సరిగ్గా బిగిస్తున్నారో లేదో పరీక్షించి నేర్పే ఫిజియోథెరపిస్టులు కూడా ఉంటారు, ఉంటే వాళ్ల దగ్గరికి పంపమని అడగండి. మూడు నెలలు శ్రద్ధగా చేసినా తగ్గకపోతే లోపల అమర్చే చిన్న పరికరాలున్నాయి, ఆపరేషన్లూ ఉన్నాయి.